చేతికి రాకముందే కోత: బ్రిటన్ సంక్షేమ సంస్కరణ, పేదిళ్ల అప్పులు

క్రెడిట్ అన్న మాటను మనం బ్యాంకు పుస్తకంలో జమ అనే అర్థంలోనూ, కొట్లో అరువు అనే అర్థంలోనూ వాడుకుంటున్నాం. బ్రిటన్ ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన సంక్షేమ భృతికి యూనివర్సల్ క్రెడిట్ అని పేరు పెట్టినవారి మనసులో ఉన్నది మొదటి అర్థమే. అయితే ఆ తర్వాత పన్నెండేళ్లలో ఆ భృతి మీద ఆధారపడిన ఇళ్లలో జరిగినదాన్ని చూస్తే, రెండో అర్థం కూడా ఆ పేరులోకి వచ్చి చేరిందని ఒప్పుకోక తప్పదు. పేదలు అప్పులపాలవడానికి భృతి చాలకపోవడమే కారణమని సాధారణంగా అనుకుంటాం. అందులో నిజం ఉంది. కానీ అదే భృతి ఏ తేదీన పడుతుంది, ఎవరి ఖాతాలో పడుతుంది, పడకముందే అందులోంచి ఎవరెవరు ఎంత కోసుకుంటారు అన్న ప్రశ్నలకు దొరికే జవాబులు కూడా అప్పును పుట్టిస్తాయి. యూనివర్సల్ క్రెడిట్ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ఈ రెండో సంగతే.

ముందు సంస్కరణ ఉద్దేశాన్ని న్యాయంగా చెప్పుకోవాలి. అంతకుముందు బ్రిటన్‌లో పని వెతుక్కునేవారికి ఒక భృతి, జబ్బుపడి పని చేయలేనివారికి ఒకటి, తక్కువ ఆదాయం ఉన్నవారికి మరొకటి, ఇంటి అద్దెకు ఇంకొకటి, వీటికి తోడు పిల్లల పేరిట ఒక పన్ను రాయితీ, తక్కువ జీతగాళ్ల పేరిట మరొకటి, మొత్తం 6 ఉండేవి. వాటికి దరఖాస్తులు వేరు, కార్యాలయాలు వేరు, లెక్కలు వేరు. ఉద్యోగం దొరికితే కొన్ని ఒక్కసారిగా ఆగిపోయేవి కాబట్టి, నాలుగు గంటలు ఎక్కువ పనిచేయడం వల్ల నష్టమేనని భయపడేవారు ఉండేవారు. ఈ ఆరింటినీ కలిపి ఒకే భృతి చేయాలని, ఆదాయం పెరిగేకొద్దీ అది మెట్లు విరిగినట్టు కాకుండా నెమ్మదిగా తగ్గాలని అప్పటి పని, పింఛన్ల శాఖ మంత్రి ఇయాన్ డంకన్ స్మిత్ 2010లో ప్రతిపాదించారు. 2012లో చట్టం వచ్చింది, 2013 ఏప్రిల్‌లో గ్రేటర్ మాంచెస్టర్ ప్రాంతంలోని యాష్టన్-అండర్-లైన్‌లో అమలు మొదలైంది. ఆశయాన్ని తప్పుపట్టినవారు అప్పట్లో ప్రతిపక్షంలో కూడా పెద్దగా లేరు. 2020 మార్చి రెండో సగంలో, కరోనా దెబ్బకు రెండు వారాల్లోనే సుమారు 9,50,000 దరఖాస్తులు వచ్చిపడినా వ్యవస్థ కుప్పకూలకుండా నిలబడింది. పాత పద్ధతిలో అది సాధ్యమయ్యేదని నేను అనుకోను.

చిక్కు క్యాలెండరులో ఉంది. నెలజీతం తీసుకునే ఉద్యోగి ఎలా బతుకుతాడో భృతి తీసుకునేవారు కూడా అలాగే బతకడం అలవాటు చేసుకోవాలన్నది సంస్కర్తల ఆలోచన. అందుకని భృతిని నెలకొకసారి, అదీ నెల గడిచాక ఇవ్వాలని నిర్ణయించారు. మార్చి 3న దరఖాస్తు పెట్టిన మనిషిని తీసుకుందాం. ఆమె ఆదాయాన్ని లెక్కకట్టే నెల ఏప్రిల్ 2తో ముగుస్తుంది, లెక్క తేల్చి డబ్బు వేయడానికి మరో వారం పడుతుంది, అంటే ఏప్రిల్ 9న తొలి భృతి పడుతుంది. ఇది అయిదు వారాల నిరీక్షణ. మొదట్లో ఇంకో 7 రోజులు అసలు లెక్కలోకే రాని రోజులుగా ఉండేవి కాబట్టి ఎదురుచూపు ఆరు వారాలు సాగేది, 2018 ఫిబ్రవరిలో ఆ వారాన్ని ఎత్తేశారు.

నెలజీతం తీసుకునేవారు కూడా నెలంతా ఆగుతారు కదా అన్నది ప్రభుత్వ వాదన. కొత్త ఉద్యోగంలో చేరేవాడి చేతిలో పాత ఉద్యోగపు ఆఖరి జీతం ఉంటుందన్న ఊహ ఆ వాదనకు పునాది. కానీ ఉద్యోగం పోయి యూనివర్సల్ క్రెడిట్‌కు వచ్చేవారిలో 58 శాతం మంది తమ పాత పనిలో వారానికో, రెండు వారాలకో జీతం తీసుకున్నవారేనని రిజల్యూషన్ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ 2017లో చూపించింది. వారంకూలి మీద బతికినవారి చేతిలో ఉండేది మహా అయితే ఒక వారపు డబ్బు. దానితో అయిదు వారాలు గడపాలి. జీతగాళ్ల జీవితాన్ని నమూనాగా తీసుకున్న విధానకర్తలు ఏ జీతగాళ్లను చూసి ఆ నమూనా గీశారో ఈ ఒక్క అంకె చెబుతుంది.

అయిదు వారాల ఖాళీని పూడ్చడానికి ప్రభుత్వం అడ్వాన్సు ఇస్తుంది. 2018 జనవరి నుంచి ఒక నెల భృతి మొత్తాన్నీ అడ్వాన్సుగా తీసుకోవచ్చు. వడ్డీ లేదు, కానీ తిరిగి కట్టాలి. మొదట ఆరు నెలల్లో, 2018 నుంచి 12 నెలల్లో, 2021 ఏప్రిల్ నుంచి 24 నెలల్లో తీర్చవచ్చని గడువును పెంచుతూ వచ్చారు. కొత్తగా చేరేవారిలో సగానికి పైగా ఈ అడ్వాన్సు తీసుకున్నారు. ఇది అప్పు కాదనీ, ఏడాదికి 12 చెల్లింపులను 13గా పంచి ముందుకు జరిపామనీ ప్రభుత్వం అంటుంది. కాగితం మీద ఆ లెక్క తప్పు కాదు. అయితే వచ్చే ప్రతి భృతీ మామూలు కంటే తక్కువగా వస్తూ, నెలనెలా వాయిదా కట్టవలసివస్తే దాన్ని ఏ ఇంట్లోనైనా అప్పు అనే అంటారు. తినడానికి కూడా చాలీచాలని భృతిలోంచి వాయిదా పోగా మిగిలినది మరింత చాలదు, ఆ లోటుకు అక్కచెల్లెళ్ల దగ్గర చేబదులు తీసుకుంటారు, లేదా అద్దె ఆపుతారు. ప్రభుత్వ పద్దులో వడ్డీ లేని అడ్వాన్సుగా ఉన్నది ఇంటి పద్దులో ఇలా మూడు నాలుగు చిన్న అప్పులుగా చీలిపోతుంది.

పైగా అయిదు వారాలు అన్నది అన్నీ సవ్యంగా జరిగినప్పటి మాట. 2017లో కొత్త దరఖాస్తుల్లో దాదాపు నాలుగో వంతుకు, అంటే 1,13,000 దరఖాస్తులకు పూర్తి భృతి సకాలంలో అందలేదని, ఆలస్యం సగటున మరో నాలుగు వారాలని జాతీయ ఆడిట్ కార్యాలయం 2018 జూన్‌లో తేల్చింది. అదే ఏడాది ట్రసెల్ ట్రస్ట్ అనే దాతృత్వ సంస్థ తన ఫుడ్ బ్యాంకుల, అంటే లేనివారికి ఉచితంగా తిండి సరుకులు ఇచ్చే కేంద్రాల లెక్కలు బయటపెట్టింది. యూనివర్సల్ క్రెడిట్ పూర్తిగా అమలై ఏడాది గడిచిన ప్రాంతాల్లో ఫుడ్ బ్యాంకుల వాడకం సగటున 52 శాతం పెరగగా, అమలు అప్పుడే మొదలైన లేదా ఇంకా మొదలుకాని ప్రాంతాల్లో పెరుగుదల 13 శాతమే. అన్నేళ్లపాటు ఈ సంబంధాన్ని నిరాకరించిన ప్రభుత్వం తరఫున, డబ్బు తొందరగా చేతికందకపోవడం ఫుడ్ బ్యాంకులు పెరగడానికి ముఖ్య కారణమై ఉండవచ్చునని మంత్రి అంబర్ రడ్ 2019 ఫిబ్రవరిలో పార్లమెంటులో అంగీకరించారు.

అద్దె సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే అప్పు అంటే బ్యాంకో వడ్డీవ్యాపారో ఇచ్చినదే అన్న మన అలవాటు ఊహ ఇక్కడ పనికిరాదు. పాత పద్ధతిలో స్థానిక కౌన్సిల్ ఇళ్లలో ఉండేవారి అద్దె భృతి వారి చేతికి వచ్చేది కాదు, నేరుగా అద్దె ఖాతాలోనే సర్దుబాటు అయ్యేది. కొత్త పద్ధతిలో అద్దె సొమ్ము కూడా మిగతా భృతితో కలిసి కుటుంబం ఖాతాలో పడుతుంది, అద్దె కట్టే బాధ్యత వారిదే. బాధ్యత నేర్పడం మంచి ఉద్దేశమే. కానీ తొలి అయిదు వారాలూ అద్దె పద్దు మీద ఏమీ పడదు కాబట్టి, ఎంత జాగ్రత్తగల ఇల్లాలైనా బకాయితోనే ప్రారంభిస్తుంది. 2018 ఏప్రిల్ నుంచి పాత అద్దె భృతిని మరో రెండు వారాలు, తిరిగి కట్టనక్కర్లేకుండా, కొనసాగించడంతో ఈ దెబ్బ కొంత తగ్గింది. బకాయి రెండు నెలల అద్దెకు చేరితే, అద్దెను నేరుగా తనకే పంపమని ఇంటి యజమాని శాఖను అడగవచ్చు. అంటే రక్షణ కావాలంటే ముందు రెండు నెలలు బాకీ పడాలి! స్కాట్లాండ్ ఈ చిక్కును గమనించి 2017 అక్టోబరు నుంచి భృతిని నెలకు రెండుసార్లు తీసుకునే వీలును, అద్దెను నేరుగా యజమానికి పంపే వీలును దరఖాస్తుదారుకే ఇచ్చింది. ఉత్తర ఐర్లండ్‌లోనైతే నెలకు రెండుసార్లు ఇవ్వడమే మామూలు పద్ధతి. ఒకే భృతి, ఒకే కంప్యూటరు వ్యవస్థ ఉన్న దేశంలో ఒకచోట సాధ్యమైనది ఇంగ్లండ్‌లో ఎందుకు సాధ్యం కాదన్నదానికి సంతృప్తికరమైన సమాధానం నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇక కోతలు. భృతి ఖాతాలో పడకముందే అడ్వాన్సు వాయిదా, పాత అధిక చెల్లింపుల వసూలు, అద్దె బకాయి, కరెంటు, గ్యాస్, నీటి బిల్లుల బకాయిలు, కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక సంస్థలు ఇళ్ల మీద వేసే పన్ను) బాకీ, కోర్టు జరిమానాలు, ఇవన్నీ అందులోంచి పోవచ్చు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరుస నిబంధనల్లో రాసి ఉంటుంది. మొత్తం కోతకు గరిష్ఠ పరిమితి మూల భృతిలో, అంటే అద్దె, పిల్లల భాగాలు కలపని మొత్తంలో, ఇంత శాతమని ఉంటుంది గానీ, ఇల్లు ఖాళీ చేయించే ప్రమాదమో కరెంటు తీసేసే ప్రమాదమో ఉంటే ఆ పరిమితిని దాటవచ్చు. మొదట్లో ఆ పరిమితి 40 శాతం. 2019లో 25 ఏళ్లు దాటిన ఒంటరి మనిషికి మూల భృతి నెలకు 317.82 పౌండ్లు. 40 శాతం కోసేస్తే 127 పౌండ్లు పోయి 190 మిగులుతాయి. లండన్ కాకపోయినా, బ్రిటన్‌లో ఏ ఊళ్లోనైనా 190 పౌండ్లతో నెలంతా తిండి, కరెంటు, బస్సు ఖర్చులు వెళ్లదీయడం ఎలాగో ఆ దేశంలో ఉన్న మన పిల్లల్ని అడిగితే చెబుతారు.

కోతల ద్వారా వసూలయ్యే బాకీల్లో పాత పన్ను రాయితీల బాకీలు ఒక ప్రత్యేక జాతి. 2003లో వచ్చిన ఆ రాయితీలను నిరుటి ఆదాయాన్ని బట్టి ముందుగా నగదుగా ఇచ్చి, ఏడాది చివర అసలు లెక్క తేల్చేవారు. ఆదాయం పెరిగినవారంతా ఎక్కువ తీసుకున్నవారిగా తేలారు. తొలి ఏడాదే ఇలా సుమారు 200 కోట్ల పౌండ్ల అధిక చెల్లింపులు బయటపడ్డాయి. ఆ గొడవ చూసి, ఏడాదిలో ఆదాయం 25,000 పౌండ్ల వరకు పెరిగినా పట్టించుకోబోమని 2006లో నియమం సడలించారు. తర్వాత పొదుపు పేరుతో ఆ సడలింపును 2011లో 10,000కు, 2013లో 5,000కు, 2016లో 2,500కు కుదించుకుంటూ వచ్చారు. సడలింపు తగ్గినకొద్దీ బాకీదారులు పెరిగారు. ఆ కుటుంబాలు యూనివర్సల్ క్రెడిట్‌లోకి మారినప్పుడు పన్నుల శాఖ తన దగ్గరున్న పాత పద్దులను పని, పింఛన్ల శాఖకు అప్పగించింది. పదేళ్ల కింద ఎప్పుడో జరిగిన లెక్క తాలూకు బాకీ, ఆ కాగితాలు కూడా మిగలని ఇంటికి, కొత్త భృతిలో కోత రూపంలో తిరిగొచ్చింది. మామూలు అప్పుమీద కోర్టుకెక్కడానికి ఇంగ్లండ్‌లో ఆరేళ్ల గడువు ఉంటుంది. భృతిలోంచి కోసుకోవడానికి కోర్టుతో పని లేదు గనుక ఆ గడువు అడ్డురాదు. అంతేకాదు, పాత భృతుల్లో అధికారుల తప్పువల్ల ఎక్కువ చెల్లిస్తే చాలా సందర్భాల్లో తిరిగి అడిగేవారు కాదు. యూనివర్సల్ క్రెడిట్ విషయంలో 2012 చట్టం ఎవరి తప్పయినా సరే తిరిగి వసూలు చేయవచ్చునంది. వడ్డీవ్యాపారి కూడా తన లెక్కల్లో తానే చేసిన తప్పుకు ఖాతాదారుణ్ని బాధ్యుణ్ని చేయడానికి కొంచెం జంకుతాడు.

ఇదే ధోరణి ఇతర చోట్లా కనిపిస్తుంది. పాత సోషల్ ఫండ్ కింద అత్యవసరంలో ఉన్నవారికి కొన్ని గ్రాంట్లు, కొన్ని అప్పులు ఉండేవి. 2013 ఏప్రిల్‌లో అత్యవసర అప్పులను, గ్రాంట్లను జాతీయ స్థాయిలో రద్దుచేసి ఆ పనిని స్థానిక సంస్థలకు వదిలేశారు. ఫ్రిజ్ పాడైనా, పిల్లల మంచం విరిగినా ఇప్పుడు శాఖ ఇచ్చేది బడ్జెటింగ్ అడ్వాన్సు, అంటే అప్పు, ఒంటరివారికి 348 పౌండ్ల వరకు, పిల్లలున్న ఇంటికి 812 వరకు. పని వెతకడంలో నియమాలు పాటించలేదని భృతి ఆపేసినప్పుడు ప్రాణం నిలుపుకోవడానికి ఇచ్చే కష్టకాలపు చెల్లింపు పాత పద్ధతిలో తిరిగి కట్టనక్కర్లేదు, కొత్త పద్ధతిలో అదీ అప్పే. ఒక్కొక్కటీ చిన్న మార్పులా కనిపిస్తుంది. అన్నీ కలిపి చూస్తే, ఇచ్చే చేయి కాస్తా అప్పిచ్చే చేయిగా, వసూలు చేసే చేయిగా మారిపోయింది.

భృతి మొత్తం మీద పడిన కోతలను కూడా మరచిపోరాదు. 2013లో ఒక గది అదనంగా ఉందని అద్దె భృతిలో 14 శాతం, రెండు గదులుంటే 25 శాతం తగ్గించారు. 2016 నుంచి నాలుగేళ్లు భృతులను ధరలతో పాటు పెంచకుండా స్తంభింపజేశారు. 2017 ఏప్రిల్ తర్వాత పుట్టిన మూడో బిడ్డకు భృతి లేదన్నారు. కౌన్సిల్ ట్యాక్స్‌లో పేదలకిచ్చే మినహాయింపును కేంద్రం నిధులు 10 శాతం తగ్గించి స్థానిక సంస్థల చేతిలో పెట్టడంతో, అంతకుముందు పైసా కట్టనక్కర్లేని అనేక కుటుంబాలు కొంత భాగమైనా కట్టవలసివచ్చింది. ఈ పన్నులో ఒక వాయిదా తప్పి, నోటీసు వచ్చాక కూడా కట్టకపోతే ఏడాది మొత్తం ఒకేసారి కట్టాలంటారు. ఆ తర్వాత కోర్టు ఉత్తర్వు, దాని ఖర్చులు, జప్తు సిబ్బంది, వారి రుసుములు. ఇంగ్లండ్‌లో ఈ పన్ను ఎగవేతకు చివరికి జైలు శిక్ష కూడా ఉంది, వేల్స్ 2019లో దాన్ని తొలగించింది. ప్రైవేటు అప్పుల్లో, జీతం పడేదాకా చిన్న అప్పులిచ్చే పేడే లోన్ సంస్థల వడ్డీకి 2015 జనవరి నుంచి రోజుకు 0.8 శాతమని, మొత్తం ఖర్చు అసలును మించరాదని పరిమితి పెట్టించిన ప్రభుత్వం, తన సొంత వసూళ్ల విషయంలో అంత శ్రద్ధ చూపలేదు.

తేదీల పట్టింపు ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఒక కోర్టు కేసు చాలు. నెలాఖరున జీతం పడే కొందరు ఒంటరి తల్లులకు, నెలాఖరు సెలవు రోజైతే జీతం ఒకట్రెండు రోజులు ముందు పడేది. దాంతో లెక్కకట్టే ఒక నెలలో రెండు జీతాలు, మరో నెలలో సున్నా వచ్చినట్టు కంప్యూటరు చూపేది. రెండు జీతాల నెలలో భృతి ఒక్కసారిగా పడిపోయేది. వారి ఏడాది ఆదాయం ఒక్క పౌండు కూడా మారలేదు, అయినా ఆ నెల అద్దెకు అప్పు చేయవలసివచ్చేది. దీన్ని సరిదిద్దకపోవడం హేతుబద్ధం కాదని 2020 జూన్‌లో అప్పీల్ కోర్టు తీర్పిచ్చింది, అదే ఏడాది నిబంధన మారింది. నాలుగు వారాలకోసారి జీతం తీసుకునేవారికి మాత్రం ఏడాదిలో ఒక నెల ఆ కుదుపు ఇప్పటికీ తప్పడం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. యూనివర్సల్ క్రెడిట్‌కు చాలామంది వచ్చేది ఉద్యోగం పోయాకో, జబ్బుపడ్డాకో, విడాకులయ్యాకో. వారి అప్పులు ఆ కష్టంవల్ల పెరిగాయా, భృతి నిర్మాణంవల్ల పెరిగాయా అని విడదీయడం సులువు కాదు. అయితే ఈ భృతి దేశమంతటా ఒకేసారి రాలేదు, ఒక్కో ప్రాంతంలో ఒక్కో నెలలో వచ్చింది. అందువల్ల ఒకే పరిస్థితిలో ఉన్న ఇద్దరిలో ఒకరు పాత పద్ధతిలో, ఒకరు కొత్త పద్ధతిలో పడ్డారు, పరిశోధకులు వారిని పోల్చగలిగారు. లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో 2020లో వచ్చిన అధ్యయనం ఇలా పోల్చి, భృతి అమలుతో నిరుద్యోగుల్లో మానసిక వ్యథ 6.57 శాతం పాయింట్లు పెరిగిందని లెక్కగట్టింది. అది అప్పుల కొలత కాదు, కానీ కొత్త పద్ధతి ప్రభావాన్ని మనిషి కష్టం నుంచి వేరుచేసి చూడవచ్చునని మాత్రం నిరూపించింది.

బ్రిటన్‌లోని తెలుగువారికి ఇందులో ఉన్న పాలు ఎంత అని అడిగేవారికి ఒక్క మాట. విద్యార్థి వీసా మీద, పని వీసా మీద ఉన్నవారికి ప్రభుత్వ నిధుల నుంచి సాయం పొందరాదన్న షరతు ఉంటుంది కాబట్టి, వారికి సాధారణంగా ఈ భృతి వర్తించదు. శాశ్వత నివాస అనుమతి వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంటుంది. అప్పటికి ఆ దేశంలో ఏళ్లు గడిచి ఉంటాయి, జీతం నెలవారీగా తీసుకునే అలవాటు ఉంటుంది, అందువల్ల ఈ అయిదు వారాల పోటు మనవాళ్ల ఊహకు తొందరగా అందదు.

విమర్శల ఒత్తిడికి ప్రభుత్వాలు కదలలేదని చెప్పలేం. కోత పరిమితిని 2019లో 30 శాతానికి, 2021లో 25 శాతానికి తగ్గించారు. ఇంటి యజమాని కోరగానే అద్దెదారును అడగకుండా భృతిలోంచి బకాయి కోసివేసే పద్ధతి చట్టవిరుద్ధమని 2025 జనవరిలో హైకోర్టు చెప్పింది. ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ 2024 అక్టోబరు బడ్జెట్‌లో ప్రకటించినట్టు 2025 ఏప్రిల్ 30 నుంచి పరిమితి 15 శాతానికి దిగింది. 12 లక్షల కుటుంబాలకు ఏడాదికి సగటున 420 పౌండ్లు మిగులుతాయని ప్రభుత్వ అంచనా. 2025 నవంబరు బడ్జెట్‌లో మూడో బిడ్డ నిషేధాన్ని 2026 ఏప్రిల్ నుంచి ఎత్తివేస్తున్నట్టు ప్రకటించారు. ఇవి చిన్న ఊరటలు కావు. కాకపోతే 15 శాతం పరిమితి వాయిదాను తగ్గిస్తుంది, బాకీని తగ్గించదు. 2025-26లో ఒంటరి మనిషి మూల భృతి 400.14 పౌండ్లు. 600 పౌండ్ల బాకీ ఉంటే పాత పరిమితిలో నెలకు 100 చొప్పున ఆరు నెలల్లో తీరేది, ఇప్పుడు 60 చొప్పున పది నెలలు పడుతుంది. ఈలోగా మరో ఫ్రిజ్ పాడైతే పద్దు మళ్లీ పెరుగుతుంది.

తొలి అడ్వాన్సును అప్పుగా కాక గ్రాంటుగా ఇవ్వాలని దాతృత్వ సంస్థలు, కొన్ని పార్లమెంటరీ కమిటీలు చాలాకాలంగా అడుగుతున్నాయి. ఖర్చు ఎక్కువని, మోసాలు పెరుగుతాయని ప్రభుత్వాలు జవాబిచ్చాయి. మోసాల భయం ఉత్తది కాదు. 2019లో దళారులు ఇతరుల పేరిట దరఖాస్తు పెట్టి అడ్వాన్సు కాజేసిన సంఘటనలు బయటపడ్డాయి. ఆ డబ్బు తినకపోయినా, తీర్చే బాధ్యత మాత్రం పేరు గలవారి మీద పడింది. ఇన్ని సవరణల తర్వాత కూడా అయిదు వారాల నియమం జోలికి ఎవరూ పోలేదు. మార్చి 3న దరఖాస్తు పెట్టినవారికి డబ్బు పడే తేదీ ఇప్పటికీ ఏప్రిల్ 9.